ఏడవని పడవ

దానయ్యని ఒకడుండీవోడంట, పడవలు కట్టీవోడు. మేకన్నది కొట్టకుండా, పలకనీ పలకనీ కొబ్బరితాడుతో కుట్టి కట్టీవోడు. ఎందుకంటావే పిల్లా, ఒడ్డుకాడ కెరటం కొట్టినప్పుడు మేకుల పడవైతే పగిలిపోతాది, కుట్టు పడవైతే కెరటంతో పాటు ఒంగుతాది. ఇంకోటేటంటే, పలకల మజ్జిన రవ్వంత సందు ఒగ్గీవోడు. కొత్త పడవ దింపితే ఆ సందులోంచి నీరు ఊరతాది. ఊరనీ, పర్లేదు. సెక్క నీరు తాగి ఉబ్బుతాది, సందు దానంతటదే మూసుకుంటాది. అందుకే మా పేటలో కొత్త పడవ కారితే "ఏడిసింది, ఇంక బతుకుతాది" అంటారు, పుట్టిన పిల్లనన్నట్టే.

అలాటి దానయ్యకి ఏమైందంటే, ఎదిగిన కొడుకుని సముద్రం తీసుకుపోయింది. శవం కూడా దొరకనేదు. పేటంతా ఏడిసింది గాని ఈడు ఏడవనేదంట. దినమైనా అవ్వకముందే ఉలి పట్టుకున్నాడు. ఆడి పెళ్లాం కొర్లమ్మని, పురుళ్లు పోసే మనిసి, ఇద్దరి ఏడుపూ ఆవిడే ఏడిసింది అనుకో. ఏడాది తిరిగింది. అల్లుడు ఎల్లాజీ వచ్చి, "మావా, నాకో పడవ కట్టీ" అన్నాడు. దానయ్య బెంగెట్టుకున్నాడు. ఉన్నదొక్క కూతురు, దాని బతుకు కూడా ఆ కెరటం మీదే ఎట్టాలా అని. ఊరందరికీ ఒగ్గిన సందు అల్లుడి పడవకి ఒగ్గనేదు. సీమ దూరకుండా నార దట్టించి, తాడు బిగించి, బిగించి, బిగించి కుట్టీసినాడు.

ఉప్పుటేట్లో దింపినారు. సుక్క నీరు రానేదు. ఎల్లాజీ మురిసిపోయి, రేపే వేటకెల్తానన్నాడు. అందరూ సంబరపడతంటే కొర్లమ్మ మాత్రం పడవెక్కి, అడుగు తడిమి, పొడి సెయ్యి సూసుకుని, అక్కడే కూకుండిపోయింది. ఏటత్తా అంటే, "పుట్టిన పిల్ల ఏడవకపోతే నేను తల్లి సేతికివ్వను బాబూ. ఏడిసినదాకా నేను కదలను" అందంట. ఎవులు బతిమాలినా లెగదే. తెల్లారీసరికి సెక్క ఉబ్బింది. ఉబ్బడానికి సోటేదీ? కుట్లు పటపటా తెగి పలక బైటికి తన్నుకొచ్చింది, కొర్లమ్మతో సహా పడవ మొలలోతు నీళ్లలో కూలబడిపోయింది. అదే నడిసముద్రంలో అయితే? దానయ్య పరిగెట్టుకొచ్చి, ఆ తెగిన తాడు పట్టుకుని, "ఈడ్ని కూడా నా సేతుల్తోనే పంపీసీవోడినే" అన్నాడు. అని, ఏడాదిగా నోటెంట రానియ్యని పేరు, కొడుకు పేరు, ఎట్టి పిలిసి, ఆ నీళ్లలోనే నిలబడి బావురుమన్నాడు. ఎల్లాజీ పట్టుకోబోతే కొర్లమ్మ సెయ్యడ్డమెట్టింది. "ఒగ్గీ బాబూ, కారనీ" అంది.

మళ్లీ కుట్టినాడు, సందొగ్గి. ఈసారి దింపితే బాగా కారింది. మావా అల్లుడూ కొబ్బరిసిప్పల్తో తోడతానే ఉన్నారంట, నవ్వుకుంటా. ఆ పడవ మీదే ఎల్లాజీ ముసలోడయ్యాడు. అదీ సంగతి. ఇప్పుడన్నీ ఫైబర్ బోట్లు, సుక్క నీరు తాగవు, ఆటిని సూస్తే నాకు బయ్యమే. ఏటే పిల్లా, కొంగుతో మొకం అలా తుడుసుకుంటన్నావు? తుడవకు, కారనీ.