ఎడ్లు లాక్కొచ్చిన కారు

గోనెపూడి బాలకోటయ్య లేడూ, ఆయనకి రెండే పిచ్చులంట. ఒకటి బండలాగుడు ఎడ్లు, రెండోది కారు. కారంటే పెళ్లిళ్లకి పోయే నున్నటి కారు కాదనుకో, వెనక ట్రాలీ తగిలించి ఎడ్లని తిరనాళ్లకి తీసకపోయే ఎత్తుపాటి డీజిలు బండి. ఆ ఎడ్ల జతని పెంచింది మాత్రం ఆయన కాదు, ఆయన పెళ్లాం పేరమ్మ. దూడలప్పుడు చేత్తో గంజి తాపి, బుల్లోడు, పెద్దోడు అని పేర్లు పెట్టుకుని పెంచింది. ఇట్టా ఉండగా ఏమైందంటే, ఓ ఏడు తిరనాళ్లకి పోతుంటే దోవలో ఎత్తు మీద కారు నింపాదిగా ఎక్కిందంట. వీళ్లు పోయేసరికి ఏ జత ఎప్పుడు లాగాలో చీటీలు తీసేశారు, పందెంలో పేరు లేదు. అక్కడ చలమారెడ్డని ఓ మోతుబరి రైతు, ఈ జత నీకెందుకయ్యా, నాకమ్మరాదా అన్నాడు. మనోడికి ముక్కు మీద కోపమాయె! "వచ్చే ఏడు బహుమతి లేకుండా ఇంటికి పోతే జత నీదే పో!" అని నలుగురిలో మాటిచ్చేశాడు. పేరమ్మ ఆ పూట అన్నం ముట్టలా. పిల్లల్ని పందెం కాసినట్టే కదా మరి, ఆమెకి.

ఇంక ఆ ఏడాదంతా బాలకోటయ్య తిట్టింది కారునే. పేటలో జిలానీ అని ఓ కుర్ర మెకానిక్కు ఉన్నాడని ఎవరో చెప్పారంట. ఇంజనుకి ఎంత డీజిలు పొయ్యాలో చూసుకునే కంప్యూటరు ఒకటి ఈ కార్లలో ఉండిద్దంటగా, దాంట్లో కంపెనీవాడు పెట్టింది తీసి మనకి కావాల్సినట్టు పెడతాడంట ఆ జిలానీ. మొగుడూ పెళ్లాం పోయారు. "ఎట్టా కావాలి బాబాయ్?" అంటే, "ఎద్దు లాగినట్టు లాగాలబ్బాయ్!" అన్నాడు. "సరే, వెనకేమన్నా బరువు తగిలిస్తావా? ఉన్నదున్నట్టు చెప్పు, దాన్నిబట్టే పెట్టాలి" అన్నాడు ఆ పిల్లోడు. ఇక్కడే వచ్చింది చిక్కు. బండలాగుడోళ్ల సంగతి మీకు తెలీదా? జత బయల్దేరిందాకా పందేనికి పోతున్నట్టు పక్కింటోడికి కూడా చెప్పరు, దిష్టని! అందుకని మనోడు, "బరువా? ఏం బరువు? నేనూ మీ పిన్నీ, అంతే" అన్నాడు. పేరమ్మ డొక్కలో పొడిచింది. ఊహూ, పలికితేగా! ఆమె ఇంక చూసి చూసి, "నాయనా, ఆ పాతది పారెయ్యమాక. పాలల్లోకి తోడుకని రవ్వంత పెరుగు దాచిపెడతామే, అట్టా ఓ పక్కన దాచు" అన్నదంట. "అదెప్పుడూ దాస్తా పిన్నీ" అన్నాడు జిలానీ.

అబ్బో, ఇంటికొచ్చేటప్పుడు చూడాల కారుని! కాలు ఆనిస్తే చాలు, ఉరుకుడే. బాలకోటయ్య మీసం మెలేస్తానే ఉన్నాడు. సరే, తిరనాళ్ల రోజొచ్చింది. ఎడ్లని ట్రాలీ ఎక్కిచ్చారు, కాడీ మోకులూ పెట్టారు, బయల్దేరారు. చదునులో బ్రహ్మాండంగా పోయింది. ఎత్తు మొదలయిందా, ఇంజను కాగిపోయింది, ముందర పసుపుపచ్చ లైటు వెలిగింది. లోపలి కంప్యూటరు చూసుకుంది, ఇంజను కాలిపోతే ఎట్టా అని జోరు తగ్గించేసింది. ఎంత తొక్కినా ముసలమ్మ నడకే. కాసేపటికి అదీ లేదు, ఆగింది. అవతల చీటీల వేళవుతా ఉంది. బాలకోటయ్య నెత్తిన చేతులేసుకుని రోడ్డు మీద కూలబడ్డాడు. "ఏమే, నీ పిల్లల్ని నేనే పోగొట్టా" అని ఏడిచాడంట, అంత మీసమున్న మనిషి! పేరమ్మ పోయి ట్రాలీ తలుపు తీసి, "దిగండ్రా అయ్యా" అన్నది. బుల్లోణ్ణీ పెద్దోణ్ణీ కాడి కట్టి, మోకు కారు ముందర కొక్కేనికి తగిలిచ్చి, "హై" అన్నది. బండలు లాగే ఎడ్లకి చక్రాల బండి ఓ లెక్కా?

నేనూ ఉన్నా ఆ తిరనాళ్లలో. ముందర ఎడ్లు, ఎడ్ల పక్కన పేరమ్మ, వెనక కారు, కారెనక ఖాళీ ట్రాలీ, కారులో తల దించుకుని స్టీరింగు పట్టుకున్న బాలకోటయ్య! జనం ఒకటే ఈలలు. కానీ ఏం లాభం, చీటీలు అయిపోయినయ్. చలమారెడ్డి భుజాన కండువా సర్దుకుంటా వచ్చి, "మాట మాటేగా బాలకోటయ్యా" అన్నాడు. అప్పుడు పేరమ్మ తిరిగింది కమిటీ పెద్దల మీదికి. "బండలాగుడేగా మీ పందెం? మీ బండ మట్టసంగా ఉన్న నేల మీద లాగుతారు. నా బిడ్డలు ఎత్తు మీద ఇంత ఇనప్పెట్టెని, అందులో ఈ మడిసిని కూడా లాక్కొచ్చారు. దీనికి బహుమతి లేదా?" అన్నది. జనం ఊరుకుంటారా, "ఇయ్యాలి, ఇయ్యాలి" అని గోల. ఆఖరికి ఓ ఇత్తడి బిందె తెచ్చి పేరమ్మ చేతిలో పెట్టారు. చలమారెడ్డి కూడా నవ్వాపుకోలేక, "బిందె బహుమతేనమ్మా, జత నీదే" అని దణ్ణం పెట్టి పోయాడు. పేరమ్మ ఎడ్ల మెడలు కావిలించుకుని అప్పుడేడిచింది.

మర్నాడు జిలానీ దగ్గరికి పోయి బాలకోటయ్య ఉన్నదంతా చెప్పాడు. ఆ పిల్లోడు తల కొట్టుకుని, "ముందే చెప్తే ఎడ్ల బరువుకి తగ్గట్టు పెట్టేవాణ్ణిగా బాబాయ్! ఇప్పుడైనా పెడతా, లేదంటే పాతదే ఎక్కిస్తా. ఏది కావాలి?" అన్నాడు. మనోడు, "పాతదే ఎక్కించబ్బాయ్. నువ్వు అడిగినప్పుడల్లా నేను నిజం చెప్తానని నాకే నమ్మకం లేదు. ఆ కంపెనీవాడు నాలాంటోళ్లు ఉంటారని తెలిసే జోరు కాస్త తగ్గించి పెట్టుకున్నాడు" అన్నాడంట.

ఇప్పుడు తిరనాళ్లకి తెల్లారకముందే బయల్దేరతారు, కారు నింపాదిగానే పోయిద్ది. బిందెలో ఎడ్లకి నీళ్లు. ఈ ఏడు ఎప్పుడు పోతున్నారని మొన్న బాలకోటయ్యని నేనడిగా. "ఎక్కడికి?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు!