కైరో నుంచి తెచ్చుకున్నది

ఈజిప్టు యాత్ర నుంచి తిరిగొచ్చాక అది మొదటి ఆదివారం. ఖానాపురం హవేలి ఊళ్లో, చర్చి ఎదురుగా రోడ్డు దాటబోతూ ఆయన తన భార్య చెయ్యి పట్టుకున్నాడు. పెళ్లయిన నాటి నుంచి ఈ ఊళ్లో ఆయన ఎప్పుడూ నాలుగడుగులు ముందే నడిచాడు.

“ఏందండీ గిది? వదలండి. ఇది కైరో కాదు.”

“ఆడ నువ్వే పట్టుకుంటివి గదా.”

“పట్టుకోకపోతే ఏం జేయాలె? పిరమిడ్ల కాడ అందరికంటే ముందు ఉరికిన మనిషి, కైరో రోడ్డు మీద కార్ల నడుమ కొయ్యలెక్క నిలబడ్తిరి.”

“ఒక్క కారన్న ఆగుతదా? ఆడి జనమేమో నవ్వుకుంట దాటుతున్నరు!”

“పిరమిడ్లు ఎట్లున్నయని నిన్న పక్కింటి తబితా అడిగింది. నాకు మీ చెయ్యే యాదికొచ్చింది.”

“మరి ఏం జెప్పినవ్?”

“బాగ పెద్దగున్నయని చెప్పిన.”

ఆయన నవ్వాడు, చెయ్యి మాత్రం వదల్లేదు. ఆమె రోడ్డుకు అటూ ఇటూ చూసింది. కనుచూపు మేరలో ఒక్క బండి కూడా లేదు. ఆ మాట ఆమె పైకి అనలేదు. ఇద్దరూ మెల్లగా దాటారు.

“గేటొచ్చింది. ఇగనన్న వదలండి, అందరు చూస్తున్నరు.”

“చూడనీ. లోపలికి పోతే నువ్వు ఆడోళ్ల దిక్కు, నేను మగోళ్ల దిక్కు.”

“ఎప్పుడూ గంతే గదా.”

“ఆరాధన అయినంక ఈడనే నిలబడు. ఒక్కదానివే రోడ్డు దాటకు.”

“నేనెందుకు దాటుత? మిమ్మల్ని ఎవరు దాటిస్తరు?”