మూడడుగుల మంచు

అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున, వాతావరణ కేంద్రంలో మధ్యాహ్నం డ్యూటీ మారే వేళ. ఇంటికి బయల్దేరుతూ పెద్దాయన కోటు తొడుక్కుంటున్నాడు. అప్పుడే వచ్చి కూర్చున్న ఆమె, రాత్రి పడే మంచుకి ఆయన వేసి పెట్టిన అంచనా చూసింది.

“అడుగున్నరా? రాత్రికి మూడడుగుల మంచు పడుతుందండీ.”

“నాకూ కనిపిస్తోందమ్మా. కానీ పొద్దున అడుగన్నాం. పూట తిరక్కుండా మూడంటే జనం నవ్వరూ? మెల్లగా పెంచడమే కదా మన పద్ధతి.”

“కిందటేడు మెల్లగానే పెంచాను.”

“అది వేరు.”

“ఏం వేరు? అప్పుడూ నాకు మూడే కనబడింది. మీరు వేసిన అడుగు పక్కన ఎబ్బెట్టుగా ఉంటుందని అడుగున్నర రాశాను. అది చూసే మా తమ్ముడు కాజిమిర్ కారు తీశాడు. మూడోనాడు పారలతో తవ్వి తీశారు.”

“ఇంతవరకూ ఏడవనే లేదటగా నువ్వు. మీ అమ్మ చెప్పింది.”

“తీరికేదీ? చలికాలం డ్యూటీలు ఎక్కువ.”

“మూడంటే బళ్ళూ రోడ్లూ అన్నీ మూసేస్తారు. తీరా పడకపోతే?”

“మనల్ని తిట్టడానికి అందరూ మిగులుతారు.”

ఆయన కాసేపు కారు తాళాలు చేతిలో ఆడించాడు.

“సరేగానీ, సరస్సు రోడ్డున వెళ్ళనా, ఊళ్ళోంచి వెళ్ళనా?”

“ఎటైనా వెళ్ళండి. అడుగున్నరేగా.”

ఆయన తలుపు దాకా వెళ్ళాడు. వెనక్కి వచ్చి, కోటు విప్పి కుర్చీకి తగిలించాడు.

“మూడని పెట్టు. ఇవాళ ఇంటికి రాలేనని మా ఆవిడకి చెబుతాను.”

“మూడని ఎప్పుడో పంపేశానండీ. మీరు గుండీలు పెట్టుకుంటున్నప్పుడే.”