మోటారు ఆపని పెన్నోబులేసు

పెన్నోబులేసు ఉండాడు సూడు, వాడు మోటారు ఆడించేకి పుట్టినోడే గానీ ఆపేకి పుట్టినోడు కాదప్పా. మూడెకరాల చీనీతోట, అదే బత్తాయితోట, వానిది. బోరుకు ఆటో స్టార్టర్ పెట్టిచ్చినాడు. అంటే ఏమనుకో, కరెంటు వస్తానే మనిషితో పనిల్యాకుండా మోటారు దానంతట అదే ఆడతాది. పొద్దున కరెంటు వస్తే సాయంత్రం పోయేదాకా నీళ్లే నీళ్లు. పాదులు నిండె, గట్లు తెగె, దారి దాటి వంకలో పడె. వీడేమో రచ్చకట్ట మీద కూచోని పులిజూదం ఆడతా ఉంటాడంట. పెండ్లాం వన్నూరమ్మ ఆ బురదలో గడ్డిమోపుతో రెండుతూర్లు జారిపడింది. "ఏమయ్యా, చెట్లు తాగినంక ఆపకూడదా? వేర్లు కుళ్తాయి గదా" అంటే, "కరెంటు ఊరికే వస్తాంది, నీళ్లు భూమిలోవి, నీ సొమ్మేం పాయనే?" అంటాడంట. దినామూ ఇదే మాట. ఏం పుల్లన్నా, నవ్వుతావేంటికి, నీ మోటారు ఆపొచ్చినావా నువ్వు?

ఇంగ ఏమైందంటే, గట్టు అవతల వాళ్లక్క తిప్పమ్మ తోట. మొగుడు పోయినంక ఆ నూరుచెట్లే ఆమెకు దిక్కు. ఆ యేడు ఎండలకి ఆమె బోరు కొంచేపు నీళ్లు పోసి, ఇంగ దగ్గేదంట, గాలి తప్ప ఏమీ రాదు. పిందెలు రాలతాండాయి. తమ్మునికాడికొచ్చి, "ఒరే నాయనా, రెండు బోర్లూ భూమిలో ఒకే జలమీద, ఒకే ఊటమీద ఉండాయిరా, నీది ఆడినంతసేపూ నాది ఎత్తదు, కొంచేపు ఆపురా" అని బతిమాలె. వాడు తలెత్తకుండానే "సూస్తాంలేక్కా" అనె. ఏం సూస్తాడు? మర్నాడూ వంకలో నీళ్లే. తిప్పమ్మ, అరవైయేండ్ల మనిషి, ఊరి కొళాయికాడ బిందెలు పట్టి, మోసి మోసి చెట్లకు పోస్తా ఉంటే వన్నూరమ్మ చూసింది. కడుపు మండిపాయ. కరెంటు లేని టయిము చూసి ఆ ఆటో డబ్బా ఊడదీసి, కొంగున మూటగట్టుకోని పోయి వదిన తిప్పమ్మ ఇంట్లో కూచునె. "నువ్వే పోయి ఆన్ చెయ్, నువ్వే పోయి ఆపు. అంతవరకూ నేను రాను, నీకు సంగటీ లేదు పో" అని మొగునికి చెప్పిపంపిందంట.

రెండుదినాలు అలిగినాడు. మూడోనాడు తిట్టుకుంటా తిట్టుకుంటా పోయి పచ్చబొత్తాం నొక్కి, గట్టుమీద కూచునె. రెండుగంటలకే పాదులన్నీ నిండిపాయ. అంతేనా అని వానికే నమ్మకం రాల్యా. ఊరికే కూచోలేక, ఆకులు పసుపెక్కిన చెట్టు మొదలు తవ్వి చూసినాడు. వేరు మెత్తగా ఊడి చేతికొచ్చె, కంపు! నీళ్లు సాలక పసుపెక్కినాయనుకోని రెండేండ్లు పోసినాడే, పోసి పోసి వాడే కుళ్లబెట్టినాడు. లేసి ఎర్రబొత్తాం నొక్కినాడంట. ఆ పొద్దునుంచి రెండుగంటలే. పదిదినాలకు తిప్పమ్మ బోరు దగ్గడం మాని నిండుగా పోసె. సగం కాయ అప్పటికే రాలిపాయ, సగం నిలిచె. రాలింది ఎవుడు తెచ్చిస్తాడు? అక్క ముఖం చూడల్యాక వాడు తల వంచుకోని పోయి, పెండ్లాన్ని పిల్చుకొచ్చుకునె.

ఇప్పుడు డ్రిప్పు పైపులేసి, చెట్టు మొదట్లో బొట్టుబొట్టుగా పడేట్ల పెట్టినాడు. అదిగాక ఊరంతా తిరిగి, "నీళ్లెక్కువైతే వేరు కుళ్తాదప్పా, మోటారు ఆపండి" అని బుద్ధులు చెప్తాడు, ఏదో వాడే కనిపెట్టినట్ల! వన్నూరమ్మ అదే మాట రెండేండ్లు అరిస్తే ఒక్కనికీ వినపళ్యా. ఈ మొగోడు చెప్తే నలుగురు ఆపినారంట. ఇంగ నేనేం చెప్పేది, నా ఖర్మ!