పిలుపు శాఖలో ఒక సీటు

ఇంద్రజాల విశ్వవిద్యాలయపు ప్రవేశాల గదిలో, బల్లకు అవతల జరీ అంగీ తొడిగిన ప్రవేశాధికారి, ఇవతల మెడలోని కొలతల టేపు తీయడం మరచి పరుగున వచ్చిన దర్జీ యువతి, నడుమ అసత్యాన్ని ఓర్వలేని ఒక ఇత్తడి గంట. దాని పలుకు కూడా ఇక్కడ పలుకుగానే లెక్క.

"...కాబట్టి అమ్మా, వరుస తప్పడం కుదరదు. ముందు శాఖల పరిచయం, ఆ వెనక అర్హతల పఠనం, ఆ తర్వాతే ప్రశ్న. స్థాపకుల నాటి నియమం."

"ఆ ప్రశ్నేదో ముందు అడిగేయండి సార్. శాఖలన్నీ బయట బోర్డు మీద చదివేశాను."

"టంగ్."

"చదవలేదన్నమాట."

"సగం చదివానండీ. తొందరలో ఉన్నాను."

"చాలామంది అలాగే వస్తారు. ఇంద్రజాలం కదా, ఇట్టే అయిపోతుందనుకుంటారు. ఇది నాలుగు యుగాల చరిత్ర గల విద్యాపీఠం తల్లీ."

"టంగ్."

"మూడు యుగాలు."

"టంగ్."

"పాతదమ్మా. బాగా పాతది. చూశారా, ఇప్పుడు ఊరుకుంది. ఈ గంట ముందు ఎంతటివాడైనా కోతలు కోస్తే పరువు పోతుంది. లోకంలోని మహామాంత్రికులందరూ ఈ గడప తొక్కినవాళ్లే."

"టంగ్."

"కొందరు."

"సార్, ఇది కావాలని అబద్ధమాడితేనే మోగుతుందా? తెలియక తప్పు చెప్పినా మోగుతుందా?"

"దానికి మీ మనసుతో పనిలేదు. మాట నిజమా, కాదా, అంతే. చూడండి: మా ఆచార్యులవారు ఇప్పుడు పై అంతస్తులో పాఠం చెబుతున్నారు."

"టంగ్."

"హవ్వ! చెబుతున్నారనే అనుకున్నాను. ఇంటికి చెక్కేశారన్నమాట. జరుగుతున్నదే కాదు, జరగబోయేది కూడా పసిగడుతుంది. ఈ ఏడు ఈ గది కప్పు బాగుచేయిస్తాం."

"టంగ్."

"అదిగో. ఆ బకెట్టు కాస్త మీ వైపు జరుపుకోండి, చుక్కలు మీ పాదాల మీద పడుతున్నాయి."

"జరిపానండీ. చెప్పండి, చెప్పండి."

"ప్రథమం, అంతర్ధాన శాఖ. అర్హత: నలుగురిలో ఉన్నా ఎవరి కంటా పడని మనిషై ఉండాలి."

"అలాంటివాళ్లకి ఇంక కొత్తగా నేర్పేదేముందండీ?"

"ఇదే మాట అని అని ఆ శాఖని సగం మూయించారు. మిగిలిన సగంలో ఎవరున్నారో మాకూ తెలీదు. సరే, ద్వితీయం, రూపాంతర శాఖ. తన ముఖం తనకు నచ్చినవారే అర్హులు. నచ్చనివాళ్లని చేర్చుకుంటే, మారడం మారతారు గాని మళ్లీ మనిషి రూపానికి రారు. అనుభవం మీద పెట్టిన నియమం. మీరు కూర్చున్న కుర్చీ మా పూర్వ విద్యార్థే."

"అయ్యబాబోయ్!"

"కూర్చోండి, కూర్చోండి. ఆయనకి బంగారు పతకం కూడా వచ్చింది."

"మోగలేదేంటండీ?"

"నిజం కనక."

"నేను నిలబడతాలెండి. ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"తృతీయం, గగనయాన శాఖ. ఎత్తంటే కళ్లు తిరిగేవారికే సీటు."

"తిరగనివాళ్లకి కదా ఇవ్వాలి?"

"తిరగనివాళ్లు కిందికి దిగిరారమ్మా. మా నియమాల లోతు మీకు అంతుపట్టినట్టు లేదు. అవసరం ఉన్నవారికి అర్హత ఉండదు, అర్హత ఉన్నవారికి అవసరం ఉండదు. ఈ మహాసౌధం ఆ ఒక్క సూత్రం మీద నిలబడి ఉంది."

"దీనికీ మోగలేదు."

"మోగదు."

"పిలుపు శాఖ గురించి చెప్పండి సార్."

"అది ఏడోది. నాలుగోది వాక్సిద్ధి. అందులో చేరినవాళ్లు..."

"సార్, మీ కాళ్లు పట్టుకుంటాను. ఏడోదానికి వచ్చేయండి."

"టంగ్."

"పట్టుకోరట."

"వంగితే మళ్లీ లేవలేనండీ, అంత అలసిపోయాను. వచ్చేయండి."

"నడిమివి దాటేస్తే ఆ శాఖల ఆచార్యులు నొచ్చుకుంటారు."

"టంగ్."

"నొచ్చుకోరట! సరే, కానిద్దాం. సప్తమం, పిలుపు శాఖ. లోకం దాటిపోయినవారిని పేరు పెట్టి పిలిచి, ఒక పూట ఎదుట కూర్చోబెట్టుకుని, కడుపారా మాట్లాడి, మర్యాదగా సాగనంపే విద్య. అర్హత ఒక్కటే. దరఖాస్తుదారు తనవాళ్లెవరినీ పోగొట్టుకుని ఉండరాదు."

"తెలుసండీ. అందుకే ఇవాళ వచ్చాను."

"ఇవాళే ఎందుకు?"

"ఏం లేదండీ."

"టంగ్."

"ఉంది లెండి. ముందు అడగండి, తర్వాత చెబుతాను."

"నియమానికి కారణం వినిపించకుండా అడిగితే చెల్లదు. పోగొట్టుకున్నవాళ్లు ఏడుస్తూ పిలుస్తారు. ఏడుపు విని వచ్చినవాళ్లు తిరిగి పోలేరు. అటూ కాక ఇటూ కాక గుమ్మం పట్టుకుని వేలాడతారు. అందుకని ఆ దుఃఖం ఎరగనివాళ్లకే నేర్పుతాం. ఒకసారి చేరాక ఇంక ఎవరు పోయినా సీటు పోదు."

"చేరిన మర్నాడు పోయినా?"

"చేరిన మరుక్షణం పోయినా. ఎందుకమ్మా అలా అడిగారు?"

"ఊరికే."

"టంగ్."

"మీకు తల్లిదండ్రులు ఉన్నారా?"

"నాకు ఊహ రాకముందే పోయారండీ."

"ముఖం ఎరగనివారు లెక్కలోకి రారు. తోబుట్టువులు?"

"ఒక్క అక్క. ఆవిడే పెంచింది. తను మిషను తొక్కుతుంటే కింద గుడ్డపేలికల బుట్టలో పడుకునేదాన్నట. పెడల్ ఆగితే లేచి ఏడ్చేదాన్నట. ఇప్పుడు మేమిద్దరం కలిసి కుట్టుపని చేస్తున్నాం."

"టంగ్."

"...చేసేవాళ్లం. ఈమధ్య నేనొక్కదాన్నే చేస్తున్నాను."

"అక్కగారు?"

"ఆస్పత్రిలో ఉంది."

"నయమవుతుంది లెండి."

"టంగ్."

"క్షమించండి తల్లీ. మాటవరసకి అన్నాను."

"ఫర్వాలేదండీ. డాక్టరూ ఆ మాటే అన్నాడు, గంట మాట."

"మరి ఆవిణ్ణి అక్కడ వదిలి మీరిక్కడ..."

"ఆవిడే తోలిందండీ. 'నేను పోయాక వెళ్తే నిన్ను గుమ్మం తొక్కనివ్వరు, నేనుండగానే వెళ్లి సీటు సంపాదించుకోవే మొద్దూ' అంది. 'నా పక్కన కూర్చుని ముక్కు చీదుతూ ఏం సాధిస్తావు' అంది."

"నోరున్న మనిషే."

"నోరు కాదండీ, కత్తెర. 'నేనే పోతే నీ కాజాల్లోంచి ఊరందరి బొత్తాలూ జారిపోతాయి, అప్పుడప్పుడూ పిలువు, వచ్చి చూసి పోతాను' అంటుంది. నా కాజాలు ఆవిడకి ఎప్పుడూ నచ్చలేదు."

"టంగ్."

"నచ్చాయా?"

"నచ్చాయనే అంటోందమ్మా."

"ఒక్కసారి కూడా అనలేదే! ఎన్ని విప్పించి మళ్లీ కుట్టించిందో!"

"ముందే ఎందుకు చెప్పలేదమ్మా? నేను గగనయానమనీ, కుర్చీ అనీ దండకం చదువుతూ కూర్చున్నాను."

"తొందరన్నాను కదండీ."

"అన్నారు. నేనే వినలేదు. రండి, ఇలా నిలబడండి. మూడుసార్లు అడగాలి. ఒకసారి మీ కోసం, ఒకసారి గంట కోసం, ఒకసారి విశ్వవిద్యాలయం కోసం. మీవాళ్లెవరినైనా పోగొట్టుకున్నారా?"

"లేదండీ."

"మీవాళ్లెవరినైనా పోగొట్టుకున్నారా?"

"లేదండీ."

"గంట నోరు మెదపలేదు. ఇక మూడోది. ఇది లేచి నిలబడి, అంగీకి మెడ దాకా బొత్తాలు పెట్టుకుని అడగాలి, విశ్వవిద్యాలయం తరఫున కదా... అరెరె."

"ఏమైందండీ?"

"మెడ దగ్గరిది ఊడి చేతికొచ్చింది."

"లేకుండానే అడిగేయండి."

"చెల్లదమ్మా. బొత్తాం పెట్టుకోకుండా ఇచ్చిన సీటు ఒకటి రద్దు చేశారు. పాపం, మూడో ఏట తెలిసింది ఆ పిల్లాడికి."

"అయితే ఇలా ఇవ్వండి. సూదీ దారం నా దగ్గరే ఉన్నాయి. గడ్డం పైకెత్తండి. కదలకండి. మింగకండి కూడా."

"ఎంతసేపమ్మా? ఒక్క బొత్తామే కదా."

"దారం తడిసి జారుతోందండీ."

"టంగ్."

"దారం తప్పు కాదు లెండి. సార్, ఈ గంట ఎక్కడో దూరాన ఉన్నవాళ్ల సంగతి కూడా చెబుతుంది కదా? మీ ఆచార్యులవారి సంగతి చెప్పినట్టు?"

"చెబుతుంది. ఎందుకు?"

"మా అక్కకి ఊపిరి ఆడుతోంది."

"..."

"మోగలేదు! మోగలేదు కదండీ?"

"లేదమ్మా. మోగలేదు."

"మెలకువగా ఉంది."

"దానికీ మోగలేదు."

"మెలకువగానే ఉందండీ! నేను వచ్చేటప్పుడు కళ్లు మూసుకుని ఉంది. ఇప్పుడు ఆవిడకి నొప్పేం లేదు."

"టంగ్."

"అలాంటివి అనకండి తల్లీ. కుట్టండి. త్వరగా కుట్టండి."

"నర్సు పక్కనే ఉంది."

"టంగ్."

"ఎవరో ఒకరున్నారు. పక్క మంచం వాళ్లైనా చూస్తూ ఉన్నారు."

"టంగ్."

"ఒక్కతే ఉందండీ."

"అమ్మా, సూది..."

"గుచ్చుకోదు లెండి. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. కోపమొస్తే అలాగే పడుకుంటుంది."

"టంగ్."

"మరి ఎటు చూస్తోంది? తలుపు వైపు చూస్తోంది."

"..."

"తలుపు వైపే చూస్తోంది. పొమ్మని తిట్టి తోలి, తలుపు వైపు చూస్తోంది. నాకు సీటు వచ్చిందో లేదో తెలుసుకోవాలని చూస్తోంది."

"టంగ్."

"అమ్మా."

"సీటు కోసం కాదటండీ."

"విన్నాను."

"ఇదిగోండి, సూది అంగీకే గుచ్చి ఉంచాను. మిగతాది ఎవరి చేతనైనా కుట్టించుకోండి. నేను వెళ్తాను."

"ఆగండి, ఆగండి! బొత్తామూ వద్దు, పాడూ వద్దు. చేత్తో పట్టుకుని నిలబడతాను, స్థాపకులు సమాధుల్లోంచి లేచి వచ్చి తిట్టుకోనీ. ఒక్క ప్రశ్న. మీరు 'లేదు' అంటే సీటు మీది. ఇవాళ ఇలా వెళ్లిపోతే ఇంకెప్పటికీ మీకు అర్హత రాదమ్మా. ఆవిడ కోరిందీ ఇదే కదా?"

"ఆవిడ కోరింది ఇది కాదని మీ గంటే చెప్పిందండీ."

"ఒక్క మాటే కదమ్మా. ఎంతసేపు పడుతుంది?"

"ఆవిడకి ఒక్కో ఊపిరి ఎంతసేపు పడుతోందో నాకు తెలుసండీ. పోయాక నేను పిలిచే మాట దేవుడెరుగు. ఇప్పుడు ఆవిడ పిలుస్తోంది. నోటితో పిలిస్తే పరువు తక్కువ కదా మా అక్కకి, అందుకని కళ్లతో పిలుస్తోంది."

"మోగలేదు."

"మోగదండీ."

"అయితే వెళ్లండి. వెనక మెట్ల మీంచి దిగితే వీధి దగ్గర."

"ఆస్పత్రి ఆ వీధి చివరే. పరుగెడతాను. ఊపిరి ఉండగానే చేరుకుంటాను."

"టంగ్."

"ఏమంటోందండీ అది?"

"ఏమీ అనడం లేదు తల్లీ. కిటికీ తెరిచి ఉంది, గాలికి ఊగింది, అంతే. మీరు పరుగెత్తండి. మీ అక్క మీ కోసమే చూస్తూ ఉంటుంది."

"టంగ్."