మొదటి మెట్టు

ప్రార్థన మందిరం వెనక, బాప్తిస్మానికి వచ్చేవాళ్ళు బట్టలు మార్చుకునే చిన్న గది. లోపల గడియ వేసుకుని కూతురు. బయట తల్లి.

"గడియ తియ్యి ముందు. తీశాక ఏదైనా మాట్లాడదాం."

"ఇలాగే మాట్లాడమ్మా. వినబడుతోంది."

"నాకు తలుపులతో మాట్లాడే అలవాటు లేదు."

"నాన్న స్నానాలగదిలో ఉంటే గంటలు గంటలు మాట్లాడేదానివిగా."

"వేళాకోళానికి ఇదా సమయం? అవతల తొట్టి నిండింది. టీకొట్టు మామయ్య మునిగి, లేచి, ఒళ్ళు కూడా తుడుచుకుంటున్నాడు. తర్వాత ఆ కవల పిల్లలు. వాళ్ళ తర్వాత నువ్వే."

"మామయ్య మెట్టు మీద ఏమన్నాడు?"

"పొగాకు విడిచిపెడుతున్నాను అన్నాడు. బుగ్గలో ఇంకా ఉంది. పాస్టరుగారు చూసి, ముందది ఉమ్మేసి రమ్మన్నారు. అందరూ ఒకటే నవ్వు."

"నవ్వితే నవ్వారు. నిజం చెప్పాడు కాబట్టి ఉమ్మేయగలిగాడు."

"నువ్వూ చెప్పవే. మొదటి మెట్టు మీద నిలబడి, నీళ్ళలో ఏం వదిలేస్తున్నావో ఒక్క మాట. దానికింత ఆలోచనా? కోపం అను. ఈ మందిరంలో సగం మంది కోపమనే దిగారు. నేనూ అదే అన్నాను."

"వదిలేశావా?"

"గడియ తీస్తావా, తలుపు బద్దలు కొట్టమంటావా?"

"అదిగో."

"సరే. సరే. అరవను. నెమ్మదిగానే అడుగుతున్నాను. ఏమైంది నీకు?"

"పొడుగక్క వచ్చిందా?"

"వచ్చింది. చివరి వరసలో, ద్వారం పక్కన కూర్చుంది. అసలు ఆవిణ్ణి ఎవరు పిలిచారు?"

"నేనే. బస్సు దగ్గర కనబడింది. ఆదివారం నా బాప్తిస్మం, రా అక్కా అన్నాను. లాండ్రీలోంచే గెంటేసిన మనిషిని, మీ దేవుడి ఇంట్లోకి రానిస్తారా అంది. నవ్వుతూనే అంది. నవ్వి, వస్తానంది."

"నీకు మతి ఉండే పిలిచావా?"

"మూడు నెలలుగా ఆవిడ ఎదురొస్తే రోడ్డుకి అటువైపు పోతున్నానమ్మా. ఆ రోజు పోలేకపోయాను."

"అందుకని పిలిచి కూర్చోబెట్టి, ఇప్పుడు నువ్వెళ్ళి లోపల దాక్కున్నావు."

"దాక్కోలేదు. కాళ్ళు రావడంలేదు. ఈ గదికి కిటికీ కూడా లేదు. ఈ తలుపు తీస్తే నువ్వు, నిన్ను దాటితే నీళ్ళు."

"చూడు, ఆ గౌను సంగతి ఇప్పుడెందుకు? అయిపోయింది. పెళ్ళికూతురు వేరే గౌను వేసుకుని పెళ్ళి కూడా చేసుకుంది."

"పొడుగక్కకి మాత్రం ఇంకా పని దొరకలేదు. ఎక్కడికెళ్ళినా, పెళ్ళి గౌను కాల్చిన మనిషివి నువ్వేనా అంటున్నారట. ఆ పూట ఇస్త్రీబల్ల దగ్గర చివరగా కనబడింది, అదే ఆవిడ చేసిన నేరం. నేను కాదు మేడమ్, నేను కాదు అంటూనే ఉంది. సంచి చేతికిచ్చి బయటికి పంపేశారు. మనిద్దరం పక్కనే నిలబడి దుప్పట్లు మడతపెడుతున్నాం."

"మడతపెట్టక ఏం చెయ్యాలి?"

"నేను చెయ్యాల్సింది నాకు తెలుసు. ఆ గౌను ఇస్త్రీ చేస్తున్నది నేను. గంట మోగితే కౌంటరు దగ్గరికి పరిగెత్తింది నేను. ఇస్త్రీపెట్టె స్విచ్ తీశానో లేదో గుర్తులేదు. ఎన్నిసార్లు తలుచుకున్నా, చెయ్యి గోడ దాకా వెళ్ళినట్టే ఉంటుంది. ఆ తర్వాత ఏమీ కనబడదు. ఆ సాయంత్రం నువ్వే అన్నావు, నువ్వే మర్చిపోయి ఉంటావని."

"అన్నాను. ఎవరికీ చెప్పొద్దని కూడా అన్నాను. ఎందుకన్నాను? మనం పడుకునే గది ఎవరిది? మేడమ్‌ది. పని పోతే గదీ పోతుంది. అప్పుడు నీ పరీక్షలకి వారం కూడా లేదు. నీ పుస్తకాలూ నా గిన్నెలూ నెత్తినెట్టుకుని ఎక్కడికి పోదును నిన్ను తీసుకుని?"

"తెలుసమ్మా."

"తెలిస్తే తలుపు తియ్యి. మేడమ్ ముందు వరసలో కూర్చుని ఉంది. నువ్వు పైకొచ్చాక కప్పడానికి కొత్త తువ్వాలు తెచ్చింది. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది."

"అయ్యో, ఇంకా నయం. అదొక్కటే తక్కువైంది."

"పోనీ జ్వరమొచ్చిందని చెప్తాను. వచ్చే నెల తీసుకుందువుగాని."

"అక్కా, పిల్ల తయారేనా?"

"ఇదిగో పాస్టరమ్మగారూ, అయిపోయింది. జడ వేసుకుంటోంది."

"నీళ్ళలో మునగడానికి జడేంటమ్మా? తొందరగా రమ్మను. కవలల్లో చిన్నవాడు నీళ్ళు చూసి పారిపోయాడు. వాడు దొరికేలోపు వచ్చి నిలబడాలి."

"వస్తుంది, వస్తుంది. మీరు పదండి."

"...వెళ్ళిపోయారా?"

"వెళ్ళారు."

"జడా అమ్మా?"

"ఏదో నోటికొచ్చింది."

"ఈమధ్య నీకు బాగా వస్తున్నాయి."

"ఏమన్నావు?"

"ఏం లేదు. నా వల్లే కదా. నీకు నెలలో మొదటి ఆదివారాల సంగతి గుర్తు చెయ్యనా? రొట్టె పళ్ళెం మన వరస దాకా వచ్చేసరికి లేచి బయటికి పోతున్నావు. ఈ మూడుసార్లూ. కడుపునొప్పి అంటావు. వెళ్ళి సైకిళ్ళ దగ్గర ఊరికే నిలబడి ఉంటావు. నేను చూశాను."

"నిజంగానే కడుపునొప్పి."

"ప్రభువు రొట్టె విరిచే రోజునే వచ్చే కడుపునొప్పా? నా పాపం నీకు అడ్డం పడుతోందమ్మా. పాపం దాచుకుని ఆ రొట్టె ముట్టకూడదు. నన్ను దాస్తున్నానని నువ్వు ప్రభువు బల్ల దగ్గరికి పోలేకపోతున్నావు."

"అలా అనకు."

"మరెలా అనను?"

"అసలు అనకు. ఆ మాటే ఎత్తకు."

"ఎత్తకుండా మూడు నెలలు ఉన్నానుగా. అన్నం ముద్ద దిగేది కాదు. ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉంటే, ఆమేన్ దాకా కూడా పోలేకపోయేదాన్ని. మొన్న రాసుకున్నాను. చెప్పేస్తాను, మెట్టు మీద అందరి ముందూ చెప్పేస్తాను అని కాగితం మీద రాశాను. రాసి పడుకున్నాను. పొద్దున్న లేస్తే ఆకలేసింది."

"రెండుసార్లు పెట్టించుకున్నావు."

"చూశావా?"

"చూడనా? పిల్ల మళ్ళీ తింటోందని, వెనక్కి తిరిగి గిన్నె తోముతూ ఏడ్చాను."

"మరి నీకు సంతోషంగానే ఉందిగా."

"చెప్పేద్దామనుకున్నదానివి గడియెందుకు వేసుకున్నావే మరి?"

"ఈ తెల్ల అంగీ వేసుకున్నాక నువ్వు గుర్తొచ్చావు. పదిహేనేళ్ళు ఆ ఆవిరిలో నిలబడ్డావు. నీ చేతులు చూడు, కాలిన మచ్చ లేని చోటు లేదు. నేను ఒక్క మాట చెప్పి తేలికపడతాను, నువ్వు వీధిలో పడతావు. చెప్పకపోతే పొడుగక్క. ఇద్దరిలో ఎవర్ని తొక్కి దిగాలమ్మా నీళ్ళలోకి?"

"నన్నడగకే తల్లీ, నన్నడగకు."

"ఏడవకు. విను. నీకేం తెలియదని చెప్తాను. ఎవరికీ చెప్పొద్దన్నావని ఎక్కడా రానివ్వను. అంతా నా ఒక్కదాని మీదే పెట్టుకుంటాను. చిన్నపిల్ల కదా అని మేడమ్ వదిలేస్తే వదిలేస్తుంది."

"పెట్టుకోకు."

"ఏంటి?"

"నీ మీద పెట్టుకోకు అంటున్నాను."

"పెట్టుకునేదేముంది, ఉన్నదేగా. ఇదిగో, గడియ తీశాను. కాస్త జరుగు."

"జరగను."

"ఇంతసేపూ తియ్యి తియ్యి అని, ఇప్పుడు గుమ్మానికి అడ్డంగా నిలబడతావేంటి? జరుగమ్మా."

"జరగనన్నానుగా. నువ్వు మెట్టెక్కి ఆ మాట చెప్తే అబద్ధం చెప్పినదానివవుతావు."

"ఏది అబద్ధం?"

"నువ్వు స్విచ్ తీసే వెళ్ళావు. పెట్టె పక్కన నిలబెట్టి వెళ్ళావు."

"నాకే గుర్తులేనిది నీకెలా తెలుసు? నన్ను ఆపడానికి ఇది కూడా నోటికొచ్చిందా?"

"నా ముఖం చూడు."

"చూస్తున్నాను."

"చూసి చెప్పు, ఇది కూడా నోటికొచ్చిందా?"

"అమ్మా... నువ్వు ఆ ఇస్త్రీబల్ల దగ్గరికి ఎప్పుడొచ్చావు?"

"అక్కా, చిన్నవాడు దొరికాడు, మునిగాడు కూడా. పిల్లని పంపండి. ఏంటి, ఇద్దరూ గుమ్మంలో ఇలా నిలబడిపోయారు? వెనక కూర్చున్న పొడుగాటి ఆవిడ మీవాళ్ళేనా? ఎంతకీ పిల్ల రావట్లేదని లేచి వెళ్ళిపోతోంది."

"వెళ్ళనివ్వకండి పాస్టరమ్మగారూ, చెయ్యి పట్టుకుని ఆపండి. ఈ పిల్లకంటే ముందు మెట్టు మీద నేను మాట్లాడాలి. స్విచ్ మళ్ళీ వేసి, ఆ గౌను మీద పెట్టె మర్చిపోయింది నేను."