బస్టాండు గాజులు

ఆ గాజులనే ఎంతసేపు చూస్తావత్తా? నువ్వు కొనిచ్చినవే గదా. పొద్దున కర్నూలు బస్టాండులో దిగంగానే ఆ గాజులామె ముందర నా చెయ్యి పట్టుకోని తొడిగిస్తివి. బొట్టూ నువ్వే పెడితివి. మెట్టెలు నీ సంచిలోనించి తీస్తివి. ఎప్పుడో పారేసింటావనుకుంటి నేను.

కూచో. లేచేదేముండాది? డాక్టరమ్మ ఇంగ పిలవదు. అయిపోయింది.

యాడ చెడిందా? నర్సు వచ్చి "శివలీల ఎవరు? మీ ఆయన సాయిప్రసాద్ ఏడీ?" అనినప్పుడే చెడింది. నువ్వు ఠక్కున అంటివి, ధర్మవరం పోయినాడమ్మా, మగ్గం పనికి అని. ఏం నోరత్తా నీది! కొడుకును మన్నులో పెట్టి ఏడాది తిరగల్యా.

లోపల డాక్టరమ్మ మొదట్నించీ ఎత్తుకునింది. మీ ఇద్దరివీ కలిపి చేసిన పిండాలు ఇంకా మిగిలినాయి, చలిలో భద్రంగా ఉన్నాయి, కానీ నీ కడుపులో పెట్టాలంటే ఆయనా వచ్చి సంతకం చెయ్యాల, ఇప్పుడు రూల్సు శానా గట్టిగా ఉన్నాయమ్మా, ఆయన ఒప్పుకోకుండా నేను ముట్టుకోను అనింది.

రాలేకపోతే ఫోన్లోనన్నా మాట్లాడించు అనింది. అప్పుడు గుర్తొచ్చె, నువ్వు బస్సులో చెప్పింది. మన చిన్నోడు దాసన్నను ఎస్టీడీ బూతుకాడ నిలబెట్టొచ్చినా, వాళ్లన్న మాదిరి మాట్లాడతాడు అంటివే! వాడి పేరు వాడు చెప్పుకోనీకే నత్తి కొడతాడు గదత్తా! నవ్వొచ్చింది నాకు. ఆయమ్మ ముందరే నవ్వితి.

నవ్వి, రాడు మేడం, సచ్చిపోయినాడు అంటి.

అరవాకు. ఆస్పత్రి ఇది.

తిట్టలేదులే ఆయమ్మ. గాజుల పక్క చూసింది, నా మొగం చూసింది. "ముందే చెప్పింటే అయిపోయేది గదమ్మా. దాచిపెట్టేటప్పుడే ఇద్దరూ ఒప్పుకున్నారు, ఒకరు పోతే రెండోవాళ్ల ఇష్టమని. ఇప్పుడు నువ్వొక్కదానివి ఊఁ అంటే చాలు" అనింది.

వింటివా? మొగుడుంటే ఇద్దరూ కావాల. ల్యాకుంటే ముండమోసిందొక్కటే చాలంట! ఈ గాజులతో పనే లేదంట! మన వీధిలో పెండ్లోళ్లు పోతాంటే నన్ను తలుపేసుకోమంటారు. ఈడేమో కుర్చీ వేసి నీ ఇష్టమేందమ్మా అంటారు.

ఏంది, దండం పెడతాండావు? ఆగు. ఇంకా ఉండాది.

పెట్టమంటావా అనింది. వద్దు అంటి.

ఏంటికంటే ఏం చెప్పేది? వీధికి భయపడి కాదు. వీధికి నువ్వు సమాధానం చెప్తావు, నీ నోరు నాకు తెలుసు. సూదులకూ కాదు, పొడిపించుకోని పొడిపించుకోని ఒళ్లు మొద్దుబారింది. నీ కొడుకు పోయినంక మగ్గం గుంతలోకి నేనే దిగితి గదా. సగం నేసి పెట్టిన చీర ముగిస్తి. ఆయప్ప చెయ్యి యాడ ఆగిందో, నాది యాడ మొదలయిందో ఒక్కరన్నా గుర్తుపట్టిరా? ఆ పని చేస్తి. ఇది నాతో కాదు.

ఆయమ్మ అడిగినప్పుడు లోపల ఏమన్నా పలుకుతాదేమోనని చూసుకుంటినత్తా. ఏమీ పలకల్యా. కావాలనీ లేదు, ఏడుపూ లేదు. అట్లాంటి కడుపులోకి బిడ్డనేం పిలుస్తాం?

నీకు కావాల్సింది మనవడు కాదులే. నీ కొడుకు. నా కడుపులోనించి మళ్లా వస్తాడనుకుంటివి. రాడు.

పారేయమంటావా అని అడిగింది. అదీ వద్దంటి. పరిశోధనకు ఇస్తావా, వాటిని చూసి నేర్చుకుంటారు, ఏ కడుపులోనూ పెట్టరు, రేపు ఇంకొకరి వైద్యానికి పనికొస్తాది అనింది. ఇచ్చేస్తి. సంతకం పెడితి. నీ కొడుకు చెయ్యి పట్టుకోని నేర్పించిన సంతకమే.

ఆడపిల్లయితే నీ పేరే, మద్దమ్మ అని పెడదాం అంటాండె ఆయప్ప. నీకు చెప్పొద్దనినాడు. చెప్తే ఏముండాదిలే ఇప్పుడు.

చెయ్యి వదులత్తా. కడప బస్సు పోతాది. ఈ గాజులతో ఊర్లోకి రాలేను గదా నేను. పదోదినం నాడు నువ్వు రాయి పెట్టి కొట్టినప్పుడు తెగిన మచ్చ ఇదో, ఈడ, ఇంకా ఉండాది. ఈసారి పగలగొట్టాకు.

ఆ కొళాయికాడ సబ్బుండాది. చేతికి రాసుకోని నేనే తీసుకుంటా.